రాణిగారు తినే వెన్న

స్టోనీఫోర్డు చుట్టుపక్కల పన్నెండేళ్లపాటు జాబెజ్ ట్రెగియర్‌ని చెడ్డవాడన్నవాళ్లు లేరు. కొట్టు పెట్టుకున్నవాణ్ణి ఊరంతా ఒక్క నోటితో మంచివాడంటోందంటే ఆ మనిషిని కాస్త తేరిపార చూడాలి. మనవాళ్లు చూడలేదు. చూసే తీరిక ఎవరికుంది? అడవి నరకడం, మోళ్లు తగలబెట్టడం, ఆ బూడిదలో గడ్డి గింజలు చల్లడం, ఆవుల్ని పిండడం. ఆ తర్వాత వాన, వాన వెలిస్తే మోకాలి లోతు బురద.

ఈ ట్రెగియర్ పుట్టింది ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో, తగరపు గనుల పక్కన. ఒళ్లొంచి పని చేస్తానని ప్రమాణం చేసి న్యూజిలాండు ఓడెక్కాడు. దిగిన మూడో రోజున నడుము పట్టేసిందన్నాడు. ఆ నడుము నొప్పి ఎంత తెలివైనదో చెప్పలేం. బరువు కనబడితే వచ్చేది, భోజనం కనబడితే పోయేది. కొన్నాళ్లు సూదులూ దారాలూ మూట కట్టుకుని గడప గడపకీ తిరిగాడు. ఆ తర్వాత వాగు దాటే చోట నాలుగు చెక్కలు నిలబెట్టి, పైన రేకు కప్పి, కొట్టు తెరిచాడు. రేవు పట్నం అక్కడికి ముప్ఫై మైళ్లు. ఎడ్లబండి మీద ఒకటిన్నర రోజు ప్రయాణం. కాబట్టి జనం ట్రెగియర్ కొట్టుకి వచ్చారు. తన తెలివి చూసి వస్తున్నారనుకున్నాడు వాడు.

ఆదివారం ప్రార్థన మందిరంలో ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకునేవాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు. పట్నంలో టోపీలు కుట్టి అమ్మే ఆవిడ కూతురు లవీనియాని పెళ్లి చేసుకున్నాడు. ఆమె చేతులు తెల్లగా, మెత్తగా ఉండేవి. అలాగే ఉంచుకోవాలని ఆమె పట్టుదల. ఆవుని కిటికీలోంచి తప్ప చూసి ఎరగదు మహాతల్లి.

ఇక వ్యాపారం. రైతుల చేతుల్లో రొక్కం ఆడేది కాదు. వాళ్ల ఆడవాళ్లు చిలికిన వెన్నే అక్కడ రొక్కం. శనివారం వచ్చిందంటే చాలు, తడిగుడ్డల్లో చుట్టి, క్యాబేజీ ఆకులు కప్పి, బుట్టలతో గుర్రాల మీద కొందరు, బురదలో నడిచి కొందరు వచ్చేవాళ్లు. పౌను వెన్నకి ఆరు పెన్నీలు. ఆ ఆరు పెన్నీలూ చేతికి రావు. టీపొడో, పంచదారో, లంగా గుడ్డో, దీపం నూనో పట్టుకుపోవాలి. ఏదీ అక్కర్లేకపోతే ఫలానా విలువకి సరుకు ఇవ్వబడును అని చీటీ రాసిచ్చేవాడు. ఆ చీటీ ఇంకే కొట్టులోనూ చెల్లదు. అసలు ఇంకో కొట్టు ఉంటేగా!

మంచి వెన్నకీ ఆరు పెన్నీలే, చచ్చు వెన్నకీ ఆరు పెన్నీలే. ఎవరి వెన్ననీ బాగాలేదని వాడు అన్న పాపాన పోలేదు. అంటే ఆమె అలుగుతుంది, ఆమె అలిగితే తోటికోడళ్లు అలుగుతారు, అక్కడితో లంగా గుడ్డ అమ్మకం పడిపోతుంది. అందుకని బుట్ట మీది ఆకు తియ్యగానే కళ్లు మూసుకుని, ముక్కుతో ఓసారి పీల్చి, గుండె మీద చెయ్యి వేసుకునేవాడు.

"ఇది ఇక్కడ ఉండాల్సిన వెన్న కాదమ్మా. రాణిగారి బల్ల మీద ఉండాల్సింది!"

అదే మాట అందరితోనూ. నోరా టూహీ అని ఓ ఐర్లండు ఇల్లాలు ఉండేది. ఎనిమిదిమంది పిల్లల తల్లి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. పాపం ఆమె వెన్న మాత్రం అధ్వాన్నం. వెన్నలోని మజ్జిగ పోయేదాకా కడిగేది కాదు. ఓసారి అందులో ఎర్ర వెంట్రుక, ఇంకోసారి బొత్తాం వచ్చాయి. అయినా వారం వారం ఆమెకీ రాణిగారే. పొంగిపోయి ఇంటికెళ్లి, "నా వెన్న రాణిగారు తినేదిట!" అని మొగుడికి చెప్పుకునేది.

ఆమె వీధి మలుపు తిరగ్గానే ట్రెగియర్ మొహం చిట్లించి ఆ వెన్నని వెనక గదిలో పెద్ద పీపాలో పారేసేవాడు. తెల్లదీ పచ్చదీ, పుల్లదీ కంపుదీ, అన్నీ అందులోకే. పైన దోసెడు ఉప్పు. పట్నంలో బళ్ల ఇరుసులకి పూసుకునేవాళ్లు కొనుక్కునేవాళ్లు దాన్ని. ట్రెగియర్‌కి లాభం టీపొడిలో వచ్చేది కాబట్టి వెన్న ఇరుసుకి పోతేనేం, నోట్లోకి పోతేనేం?

ఒక్కరి వెన్న మాత్రం ఆ పీపాలో పడలేదు. ఎల్స్‌పెత్ బెయిన్ స్కాట్లండు మనిషి. చెట్టు నరుకుతుంటే మీద పడి మొగుడు పోయాడు. సగం నరికిన అడవి, రెండు ఆవులు, ఒక్క ప్రాణం. ఆమె వెన్నని తొమ్మిది నీళ్లు మార్చి కడిగేది. పిసికేటప్పుడు వేళ్లు తగలనిచ్చేది కాదు, చెక్క గరిటెలతోనే అంతా. చివర వాళ్లమ్మ ఇచ్చిన కొయ్య అచ్చుతో ముళ్లపువ్వు గుర్తు వేసేది. ముద్దకి పైన ఒకటి, అడుగున ఒకటి.

ట్రెగియర్ ఏం చేసేవాడో తెలుసా? పైనున్న ముళ్లపువ్వుని కత్తితో గీకేసి, తన కిరీటం అచ్చు కొట్టేవాడు. ముద్దని తిరగేసి అడుగుది కూడా గీకాలంటే మళ్లీ నడుము వంచాలి కదా, అడుగు ఎవడు చూడొచ్చాడని వదిలేసేవాడు. రెండు పౌన్లు తన ఇంటి బల్లకి, మిగతాది పట్నంలో పెద్ద హోటలుకి, పౌను షిల్లింగు రెండు పెన్నీల చొప్పున, అంటే పద్నాలుగు పెన్నీలకి. అక్కడ దాని పేరు ట్రెగియర్ కిరీటం వెన్న. సిగ్గులేని బతుకు!

చలికాలం మొదట్లో ఎల్స్‌పెత్ ఆవుల్లో ఒకటి ముసలిదై ఒట్టిపోయింది. రెండో ఆవు కూడా ఎన్నాళ్లో ఉండేలా లేదు. ఆవు లేకపోతే వెన్న లేదు, వెన్న లేకపోతే ఆ నేల మీద ఆమె నిలబడలేదు. వసంతంలో పశువుల వేలం ఉంది. ఓ శనివారం అందరూ వెళ్లేదాకా ఆగి, ఆమె బల్ల దగ్గరికి వచ్చింది.

"ట్రెగియర్ గారూ, ఇన్నేళ్లలో నేను మిమ్మల్ని ఏదీ అడగలేదు. వేలంలో ఆవు కొనుక్కోవాలి. వేలం వేసేవాడు మీ టీపొడి పుచ్చుకోడు కదా. ఇకనుంచి నా వెన్నకి నాణేలివ్వండి. ఆరు కాకపోతే అయిదు పెన్నీలే ఇవ్వండి."

"అయ్యో తల్లీ! ఇవ్వకూడదనా? ఇవాళ మీకిస్తే రేపు నోరమ్మ వచ్చి నిలబడదూ? నేను అందర్నీ ఒక్క కంటితో చూసేవాణ్ణి. మీ వెన్నయినా ఆవిడ వెన్నయినా నాకు ఒకటే."

"ఒకటేనా?"

"దేవుడి ఎదుట అందరం ఒకటే కదమ్మా."

ఆ మాట అన్నవాడి గడ్డం మీద పొద్దున తిన్న ఆమె వెన్న ఇంకా మెరుస్తూనే ఉంది. ఎల్స్‌పెత్ అది చూసిందో లేదో తెలియదు. అరపౌను టీపొడి కట్టించుకుని వెళ్లిపోయింది.

వసంతం వచ్చింది. శుక్రవారం వేలమనగా ఆ వారం సోమవారంనాడు కొట్టు ముందు ఓ గుర్రబ్బండి ఆగింది. దిగినాయన పేరు ఫెన్విక్. బక్కపలచని మనిషి, మాట పొదుపు. లండన్‌కి వెళ్లే చలువగదుల ఓడల్లో వెన్న ఎగుమతి చేసే కంపెనీ మనిషి. ఆయన వచ్చేసరికి కొట్టులో నోరా టూహీ దారపు ఉండలు బేరమాడుతోంది.

"కిరీటం వెన్న మీదేనా? హోటల్లో తిన్నాను," అన్నాడు ఫెన్విక్. "ఈ తాలూకాలో మాకో ఏజెంటు కావాలి. లండన్‌కి పోయే ప్రతి పీపా మీదా అతనికి వాటా ఉంటుంది. ఆ వెన్న చేసేదెవరో చూపిస్తే ఆ పని మీకే రాసిస్తాను."

ఏజెంటు! కొట్టు మీద బోర్డు, పేపర్లో పేరు, మేజిస్ట్రేటుగారి పక్కన కుర్చీ. ట్రెగియర్‌కి ఈ జన్మకి కావలసిందల్లా అదే. కానీ ఎల్స్‌పెత్ పేరు చెప్పాడో, ఈయన నేరుగా ఆమె ఇంటికే పోతాడు. పైగా ఎదురుగా నోరా చెవులు రిక్కించుకుని నిలబడి ఉంది. ఒక్కామె వెన్న గొప్పదని ఈ నోటితో అంటే మిగతా నలభైమంది ఊరుకుంటారా? వాడికి తెలిసిన దారి ఒక్కటే, ఎప్పుడూ నడిచే దారే.

"అది మా ఇంట్లోదేనండీ," అన్నాడు. "మా ఆవిడ చేతి చలవ."

నోరా చేతిలో దారపు ఉండ కింద పడింది.

"మీ ఆవిడా?" అంది.

"మంచిది. గురువారం వస్తాను," అన్నాడు ఫెన్విక్. "నా కళ్లెదుట చిలకాలి. నీళ్లు ఎలాంటివి, గిన్నెలు ఎలాంటివి, చేతులు ఎలాంటివి, అన్నీ చూసి రాసి పంపాలి."

మర్నాడు ట్రెగియర్ నాలుగు మైళ్లు బురదలో పడి ఎల్స్‌పెత్ ఇంటికి వెళ్లాడు. పన్నెండేళ్లలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఆమె చిలికే తొట్టి బోర్లించి వేడినీళ్లు పోస్తోంది.

"ఎల్స్‌పెతమ్మా, మా లవీనియాకి ఒంట్లో నలతగా ఉంది. పట్నం నుంచి పెద్దమనిషి వస్తున్నాడు. గురువారం వచ్చి కాస్త చేతిసాయం చేస్తారా? ఆవిడ పక్కనే కూర్చుంటుంది. మీరు చిలికి పెడితే చాలు. ఎవరన్నా అడిగితే పనికి వచ్చానని అనండి."

ఆమె నీళ్లు పొయ్యడం ఆపలేదు.

"నాలుగు బంగారు కాసులు," అంది. "నాణేలు. శుక్రవారం వేలం."

"నాలుగా! ఒక్క పూట పనికి!"

"అయితే మీ ఆవిడ చేతే చిలికించండి."

ట్రెగియర్ గుటకలు మింగాడు, నడుము పట్టుకున్నాడు, ఆకాశం వంక చూశాడు, దేవుణ్ణి తలచుకున్నాడు. ఏదీ పనిచెయ్యలేదు.

"సరే తల్లీ, పనయ్యాక ఇస్తాను. నా మాట మీద నమ్మకం లేదూ?"

"మీ మాట పన్నెండేళ్లుగా వింటూనే ఉన్నాను," అంది ఎల్స్‌పెత్.

గురువారం పొద్దున ట్రెగియర్ వంటిల్లు పెళ్లివారిల్లయింది. లవీనియాకి కొత్త ఏప్రను కట్టి, గౌను చేతులు మోచేతుల దాకా మడతపెట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. ఫెన్విక్ పుస్తకం, పెన్సిలు పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. నోరా ఊరుకునే రకమా? మంగళవారానికల్లా వాగు ఇవతలా అవతలా చాటేసింది. దాంతో పెరటి గుమ్మంలో పదిహేనుమంది ఆడవాళ్లు, చంకల్లో బుట్టలతో సహా.

ఎల్స్‌పెత్ ఎవరి వంకా చూడకుండా మీగడ పోసి చిలికింది. వెన్న గింజలు కట్టగానే మజ్జిగ వంచేసి చన్నీళ్లు పోసింది.

"ఎన్ని నీళ్లు కడుగుతారమ్మా మీరు?" అని ఫెన్విక్ లవీనియాని అడిగాడు.

ఆమె మొగుడి వంక చూసింది. మొగుడు కళ్లతో ఏదో సైగ చేశాడు. ఏమీ అర్థం కాలేదు ఆమెకి.

"వెన్నని కడగడమేమిటండీ? శుభ్రమైన చోట చేస్తే మురికెందుకవుతుంది?" అంది.

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఫెన్విక్ పెన్సిలు ఆగింది. ట్రెగియర్ పళ్లికిలించి, "మా ఆవిడ హాస్యాలాడుతుందండీ," అన్నాడు. ఫెన్విక్ చూపు లవీనియా మీంచి తీసి ఎల్స్‌పెత్ చేతుల మీద పెట్టాడు.

అప్పటికీ పని గట్టెక్కేదే. ఆయనకి అనుమానం వచ్చినా కళ్లెదుట వెన్న బంగారంలా తయారవుతోంది. తొమ్మిది నీళ్లూ అయ్యాయి, ఉప్పు పడింది, చెక్క గరిటెల మధ్య ముద్ద నునుపు తేలింది. ఇక అచ్చు వెయ్యడమే తరువాయి. ట్రెగియర్ తన కిరీటం అచ్చు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. దాంతోపాటు ఓ కాగితం మడిచి ఆమె చేతిలో కుక్కాడు. ఎల్స్‌పెత్ చెయ్యి తుడుచుకుని మడత విప్పింది.

నాలుగు బంగారు కాసుల విలువకి సరుకు ఇవ్వబడును. జాబెజ్ ట్రెగియర్.

బుద్ధి! ఏజెంటు పని, బోర్డు, కుర్చీ, అన్నీ నాలుగు కాసుల దూరంలో ఉన్నాయి. ఆ కాసులు సొరుగులో ఉన్నాయి కూడా. అయినా వాడి చెయ్యి ఒక ఆడమనిషి చేతిలో నాణెం పెట్టడానికి వంగలేదు. అలవాటు లేని చెయ్యి మరి.

"సరుకెంతైనా తీసుకో తల్లీ, ఏడాది పొడుగునా," అని గొణిగాడు వాడు.

ఎల్స్‌పెత్ ఆ చీటీని మళ్లీ మడిచి కిరీటం అచ్చు కింద పెట్టింది. ఏప్రను జేబులోంచి అరిగిపోయిన కొయ్య అచ్చు తీసింది. నీళ్లలో ముంచి, వెన్న మీద నొక్కింది. ముద్ద తిరగేసి అడుగునా నొక్కింది. రెండు ముళ్లపువ్వులు.

ఫెన్విక్ గోడ వదిలి ముందుకొచ్చాడు.

"హోటల్లో పళ్లేనికి అంటుకునే వైపు ఈ పువ్వే ఉండేది. పైన కిరీటం, కింద ఇది. ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఈ అచ్చు ఎవరిదమ్మా?"

"మా అమ్మది. ఇప్పుడు నాది."

"వెన్న?"

"అదీ నాదే. పన్నెండేళ్లుగా."

"అంటే, అసలు సంగతేమిటంటేనండీ..." అంటూ ట్రెగియర్ మొదలుపెట్టి నడుము పట్టుకున్నాడు. ఈసారి ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

ఫెన్విక్ అతనికి జవాబు చెప్పే శ్రమ కూడా తీసుకోలేదు. ఎల్స్‌పెత్‌తో, పౌనుకి పది పెన్నీలు, నాణేలుగా, ప్రతి సోమవారం మా బండే మీ గుమ్మానికి వస్తుందన్నాడు. ముందస్తుగా ఏమన్నా కావాలా అని అడిగాడు. "నాలుగు కాసులు," అంది ఆమె. ఆయన సంచి తెరిచి ఒక్కొక్కటే ఆమె తడి అరచేతిలో పెట్టాడు. గుమ్మంలో ఆడవాళ్లంతా మెడలు చాచి చూశారు. వెన్నకి బంగారం రావడం వాళ్లెవరూ ఎరగరు.

అందరికంటే ముందు తేరుకున్నది నోరా. బుట్ట పట్టుకుని లోపలికి తోసుకొచ్చింది.

"అయ్యా, నాది కూడా చూడండి! ట్రెగియర్ గారు నా వెన్న రాణిగారు తినాల్సిందంటారు. పన్నెండేళ్లుగా అంటున్నారు. కావాలంటే అడగండి!"

ఫెన్విక్ జేబులోంచి బోలు ఇనుప చువ్వ తీసి ఆమె ముద్దలో గుచ్చి లాగాడు. చారలు చారలుగా తెల్ల మజ్జిగ కారింది. నాలిక్కి తగిలించుకుని, పక్కకి తిరిగి, రుమాల్లో ఉమ్మేశాడు.

"క్షమించమ్మా. ఇది ఇరుసులకి పూసేది."

నోరా మొహం కందగడ్డయింది. కేకలేస్తుందనుకున్నారందరూ. కేకలెయ్యలేదు. ట్రెగియర్ వైపు తిరిగింది. ఆమె పెద్ద గొంతు ఎటుపోయిందో, అంత చిన్నగా ఆమె మాట్లాడగా ఎవరూ వినలేదు అంతకుముందు.

"ఒక్కసారి చెప్పుంటే ఏం పోయిందయ్యా? ఒక్కసారి. ఇంకో నాలుగు నీళ్లు కడుక్కునేదాన్ని కదా. నాకేమన్నా చేతుల్లేవా? పన్నెండేళ్లూ నన్ను పొగిడి పొగిడి, ఇరుసులకి పూసుకున్నావా?"

వాడు నోరు తెరిచాడు. అలవాటు చొప్పున "నోరమ్మా, మీ వెన్న..." అని కూడా అన్నాడు. ఇంకా ఏదో అనేవాడే. నోరా తన బుట్ట అతని కాళ్ల దగ్గర బోర్లించి, ఎల్స్‌పెత్ వెనకాలే నడిచింది. "ఏమమ్మా, తొమ్మిది నీళ్లంటే మరీ చన్నీళ్లేనా?" అని అడగడం వాకిట్లోంచి వినబడింది. మిగతావాళ్లూ బుట్టలెత్తుకుని వాళ్ల వెంటే పోయారు. ట్రెగియర్ మాత్రం కిరీటం అచ్చు ఎత్తి, కింద ఉన్న చీటీ తీసి, దానికంటిన వెన్న తుడిచి, మళ్లీ పనికొస్తుందని సొరుగులో దాచుకున్నాడు.

శుక్రవారం వేలంలో ఎల్స్‌పెత్ ఎర్రమచ్చల ఆవు కొనుక్కుంది. శనివారం కొట్టులోకి ఒక్క బుట్ట రాలేదు.

ఆ శనివారం పొద్దున బల్ల మీద వేడి రొట్టె, టీ, జాము, అన్నీ ఉన్నాయి. వెన్న గిన్నె ఖాళీ. లవీనియా గిన్నె వంకా, మొగుడి వంకా చూసింది. ట్రెగియర్ లేచి వెనక గదిలోకి వెళ్లాడు. పీపా మూత తీసిన చప్పుడైంది. గిన్నెతో తిరిగొచ్చి బల్ల మీద పెట్టాడు. తెలుపూ పసుపూ కలిసిన ముద్ద, పైన ఉప్పు రాళ్లు.

లవీనియా కత్తి మొనతో కాస్త తీసి రొట్టెకి రాసి నోట్లో పెట్టుకుంది. వెంటనే చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమిటండీ ఇది?"

"వెన్నే," అన్నాడు ట్రెగియర్. "తిను."

"నావల్ల కాదు," అని ఆమె గిన్నెని అతని ముందుకి తోసింది. "రాణిగారికి పంపించండి."